బోర్లించని కంచం

“ఈ చెక్కలేసుకుని సముద్రంలోకి ఎల్తే మునుగుతాడని చెప్పండి టీచరమ్మగారూ!” అంది దొరకి అన్నం పెడుతున్న పెద్దింట్లమ్మ, అతని పొడుగాటి చెక్కల జత చూపిస్తూ.

“సముద్రానికి కాదు, మంచుకొండల మీంచి జారడానికట,” అన్నాను. బందరు దగ్గరి మా జాలర్ల పల్లెలో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. వారం నుంచి ఈ హిప్పీ దొర ఎరిక్‌కి నోరూ చెవులూ నేనే.

“మరిక్కడికెందుకొచ్చాడు?”

“మంచు పడేదాకా ఊరికే కూర్చోలేక. కొండలు తిరిగాడు, ఎడారి తిరిగాడు, మన తీరానికొచ్చాడు. కాశ్మీరులో మంచు మొదలైందట. ఇవాళే బెజవాడ వెళ్ళి రైలెక్కుతాడు.”

“అయితే మా మగాళ్ళు సముద్రమ్మీదకి ఎల్లినట్టే ఏటకెళ్తున్నాడన్నమాట!”

సంబరంగా లేచి, పడవకి పెట్టినట్టే చెక్కల మొనలకి పసుపు రాసి బొట్లు పెట్టింది. ఎరిక్ పకపకా నవ్వాడు.

“జారేటప్పుడు ప్రమాదమేం లేదా?” అంది.

ఎరిక్‌ని అడిగి చెప్పాను. “ఒక్కోసారి మంచు విరిగి మీద పడుతుందట. పోయినేడు ఇతని స్నేహితుడొకడు అలాగే చనిపోయాడట.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఇంటికాడ ఎదురుచూసేవాళ్ళెవరు?”

ఎరిక్ భుజాలెగరేశాడు. ఎవరూ లేరట.

పెద్దింట్లమ్మ అతను తిన్న కంచం కడిగింది. సాయం చేద్దామని అందుకుని, గూట్లో బోర్లించబోయాను.

“ఆగండి! ఏటకెళ్ళేవాడి కంచం బోర్లిస్తారా ఎవరైనా? పడవ బోర్లినట్టే!”

నా చేతిలోంచి లాక్కుని, సముద్రం మీదున్న మొగుడి కంచం పక్కనే వెల్లకిలా పెట్టింది.

“ఏమంటోంది?” అన్నాడు ఎరిక్.

“మంచు కరగ్గానే అన్నానికి వచ్చెయ్యమంటోంది,” అన్నాను.