చప్పుడు దొంగ

కంపెనీలో దొంగతనం జరిగింది. పోయింది డబ్బూ కాదు, సామానూ కాదు. మోటారు సైకిలు చప్పుడు!

మామగారు అల్లుణ్ణి పిలిపించారు. మూడు తరాలుగా మోటారు సైకిళ్లు చేస్తున్న కంపెనీ ఆయనది. అల్లుడు అందులో వ్యూహాధికారి. అంటే, పోటీవాళ్లు మనకంటే ఎందులో మెరుగో చల్లటి గదిలో కూర్చుని కనిపెట్టే ఉద్యోగం.

బుర్ర బద్దలు కొట్టుకుని అల్లుడు తేల్చింది ఇదీ: ధరలో పోటీవాళ్లదే పైచేయి. మైలేజీలోనూ వాళ్లదే. వాళ్ల బండ్లు తేలిక, రిపేర్లూ తక్కువ. మన బండి నిలబెట్టిన చోటల్లా గుర్తుగా గుప్పెడు ఆయిలు వదిలి వస్తుంది. ఇక మనకున్నదల్లా చప్పుడొక్కటే. బండి వీధి మొదట్లో ఉండగానే వీధి చివరింట్లో గిన్నెలు గంతులేస్తాయి. దానికోసమే తాతల నాటి నుంచీ జనం ఎగబడి కొంటున్నారు. అదీ పోతే మన దుకాణం కట్టేసుకోవడమే.

అందుకే కొత్త బండిని పరీక్షించే గదికి మందపాటి గోడలు కట్టించి, తలుపు ముందు మెత్తటి కుర్చీ వేసుకుని అల్లుడే స్వయంగా కాపలా కూర్చున్నాడు.

తీరా చూస్తే, కరెంటు పనివాడి వేషంలో సీలింగులో దూరినవాడు ఒకడు దొరికాడు. దొరికాడుగానీ, వాడు రికార్డు చేసింది అప్పటికే పోటీ కంపెనీకి చేరిపోయింది.

"ఎక్కడ రికార్డు చేశావురా?" అని గద్దించారు మామగారు.

"ఆ తలుపుకి సరిగ్గా పైనండీ. మధ్యాహ్నం, భోజనాలయ్యాక. కింద ఏముందో కనపడలేదుగానీ, బాబోయ్, ఏం చప్పుడండీ! నా పళ్లు కదిలిపోయాయి."

"విన్నావా అల్లుడూ?"

"అబద్ధం మామయ్యగారూ! నేను కన్నార్పితే ఒట్టు. కావాలంటే మీ అమ్మాయి మీదొట్టు!"

"దాని జోలికి పోకు. వాళ్ల బండి మన చప్పుడు చేసిందా, నీ కుర్చీ ఊడినట్టే. గోడౌన్లో నట్లు ఏరుకుందువుగాని."

ఆ చప్పుడుకి తగ్గ ఇంజను తయారు చేయడానికి పోటీవాళ్లకి ఏడాది పట్టింది. అన్నాళ్లూ అల్లుడికి ముద్ద దిగలేదు.

విడుదల సభకి మామగారు, అల్లుడు, అమ్మాయి ముగ్గురూ వెళ్లారు. పాపం, అమ్మాయికి ఎప్పుడూ నిద్ర కరువే. ఉపన్యాసాలు మొదలవగానే మొగుడి భుజం మీద వాలిపోయింది.

తెర లేచింది. బండి స్టార్టు చేశారు.

"ఘుర్ర్ర్ర్ర్... కీచ్... పుస్స్!"

వేదిక మీది పూలకుండీలు దొర్లిపోయాయి. ముందు వరుసలో ఒకాయన విగ్గు లేచి పక్కాయన ఒళ్లో పడింది.

మామగారు చెవి రిక్కించి విన్నారు. ముఖం చేటంత అయింది.

"మనది కాదు అల్లుడూ! మన చప్పుడుకీ దీనికీ పోలికే లేదు!"

అల్లుడు దర్జాగా కాలరు సర్దుకున్నాడు. "చెప్పానా మామయ్యగారూ, కన్నార్పలేదని! ఆ వెధవ ఏ పాత పంపుసెట్టు చప్పుడో పట్టుకుపోయి ఉంటాడు."

బండి ఇంకా మోగుతూనే ఉంది. అమ్మాయి కళ్లు తెరవకుండానే మొగుడి డొక్కలో మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"అబ్బబ్బ, ఎన్నిసార్లు చెప్పాలండీ, అటు తిరిగి పడుకోండి!"