చక్రం ఎటు తిప్పాలి

అంబులెన్సు కంట్రోల్ రూములో ఫోను మోగింది.

"గుండెల్లో నొప్పి... బస్టాండు వెనక సందు..." ఆయాసంతో ఆడగొంతు తెగిపోతోంది.

ఆపరేటరు మౌస్ చక్రం ముందుకు తిప్పింది. దగ్గరకు రావలసిన మ్యాపు దూరం జరిగి, ఊరంతా చుక్కంతయింది. కంగారులో మళ్లీ అటే తిప్పింది.

"దాని దుంప తెగ! మళ్లీ మార్చేసి పోయింది!"

ముందు షిఫ్టు అమ్మాయితో ఎప్పుడూ ఇదే గొడవ. చక్రం ఎటు తిప్పితే మ్యాపు దగ్గరవ్వాలో ఈమె ఒకలా పెట్టుకుంటే, ఆమె తన అలవాటుకి తిరగేసి పోతుంది. ఈ మధ్య ఇద్దరికీ మాటల్లేవు.

"అటు కాదక్కా..." అంది ఫోనులో గొంతు. "వెనక్కి తిప్పు."

ఆ గొంతు ఎవరిదో ఆపరేటరు గుర్తుపట్టింది. చక్రం వెనక్కి తిప్పింది. సందు కనబడింది. బండిని పంపింది.

"వస్తున్నారే! ఫోను పెట్టకు. నాతో మాట్లాడుతూ ఉండు."

ఫోనులోంచి సైరన్ వినబడేదాకా ఇద్దరూ మాటలు ఆపలేదు.