తనిఖీ అధికారి సంతకం

“ఇక మీ సంతకం ఒక్కటే మిగిలింది,” అంటూ డాక్టరు కాగితాన్ని బల్లమీద ముందుకు జరిపాడు.

లిఫ్టుల తనిఖీ అధికారిగా ముప్ఫై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దాయన కలం మూతైనా తీయలేదు. తీగతాడును స్వయంగా లాగి చూడనిదే ఏ లిఫ్టుకూ యోగ్యతాపత్రం ఇచ్చిన మనిషి కాడు.

“మందులు ఇంకొన్నాళ్లు వాడితే?”

“ఏడాది వాడాం కదండీ. దడ తగ్గలేదు.”

“కరెంటు షాకు?”

“రెండుసార్లు ఇచ్చాం. లయ దారిలో పడ్డట్టే పడి, నెల తిరక్కుండా మళ్లీ తప్పింది.”

“పోనీ, పేస్‌మేకర్?”

“అది మరీ నెమ్మదిగా కొట్టుకునే గుండెకు. ఇది పరుగులు పెట్టే రకం. లోపల కరెంటును తప్పుదారి పట్టిస్తున్న చోట్లున్నాయి. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, వాటిని వేడితో మాడ్చేస్తాం.”

మాడ్చడమనగానే పెద్దాయన నుదుట చెమట పట్టింది. నర్సు మంచినీళ్లు తాగించి, నాడి చూసింది.

“నూట పది, డాక్టరుగారూ.”

“ఇవాళ ఆమాత్రం ఉంటుందిలే.”

పక్క కుర్చీలోని భార్య నవ్వింది. “పెళ్లికి ముందు నన్నయినా ఇన్ని ప్రశ్నలు అడగలేదు ఈయన.”

“అప్పుడే అడగాల్సింది. నువ్వు కాసేపు ఊరుకో. డాక్టరుగారూ, ఆ యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు?”

“నిన్ననే. చేసినవాళ్ల సంతకం కూడా చూపించమంటారా?”

“తర్వాత చూస్తాను. ప్రమాదం?”

“అరుదు. అసలు లేదని మాత్రం చెప్పను. కొందరికి రెండోసారి చేయాల్సి రావచ్చు. వద్దంటే ఇప్పుడే చెప్పండి. మళ్లీ వంతు రావాలంటే రెండు నెలలు. ఈలోగా మొన్నటిలా మెట్లమీద కళ్లు తిరిగితే, అప్పుడూ పక్కన ఎవరైనా ఉంటారని నమ్మకమేమిటి?”

“ప్రమాదమే లేదని చెప్పి ఉంటే లేచి వెళ్లిపోయేవాణ్ణి,” అన్నాడు పెద్దాయన, కలం మూత తీస్తూ.

“కానివ్వండి, నాకిక్కడ ఆకలి దంచేస్తోంది,” అంది భార్య.

తాను స్వయంగా పరీక్షించని పనికి ఆయన జీవితంలో మొదటిసారి సంతకం పెట్టాడు. అక్షరాలు వంకర్లు పోయాయి.

నర్సు చక్రాల మంచాన్ని తెచ్చి గుమ్మం దగ్గర నిలిపింది. పెద్దాయన లేవబోయాడు.

“మీరు కూర్చోండి,” అన్నాడు డాక్టరు.

భార్య చెప్పులు విప్పి, మంచమెక్కి పడుకుంది.