పదమూడో పాఠం

"అక్కా, దిగింది! మన విండోస్ ఏనుగు దిగింది!"

తమ్ముడి కేకకు ఎడిటర్ అక్క కుర్చీలోంచి ఎగిరి లేచింది.

కొత్త కంప్యూటర్ పెట్టెను మూడంతస్తులు మోసుకొచ్చిన షాపు మనిషి గుమ్మంలో ఆయాసపడుతున్నాడు. అరవై దాటిన వయసు, మెడకు మఫ్లర్. నోరు విప్పకుండా జేబులోంచి చీటీ తీసి రాశాడు: 'టేబుల్ ఎక్కడ?'

"మౌనవ్రతమా బాబాయ్‌గారూ?" అన్నాడు తమ్ముడు.

ఆయన నవ్వి మఫ్లర్ సర్దుకున్నాడు.

ఆమె ఏడేళ్లు మ్యాక్ మీదే పనిచేసింది. లారీలు నడిపే ఆడవాళ్ల మీద రెండేళ్లపాటు తీసిన సినిమా ఆ పాత యంత్రానికి మోయలేని బరువైంది. రేపు సాయంత్రంలోగా పోటీకి పంపాలి. కూర్పు పూర్తయింది, రంగులు సరిచేయడమే మిగిలింది. సినిమా మొత్తం ఉన్నది ఒకే ఒక్క డిస్కులో.

ఆయన వైర్లు కలిపాడు. తెర వెలిగింది.

"అబ్బ! రెప్ప వేసేలోపు లేచి కూర్చుందిరా!"

"నువ్వెప్పుడైనా అలా లేచావా అక్కా?"

ఆమె బొటనవేలు మాత్రం పాత మ్యాక్ కీ కోసమే తడుముకుంటోంది. ఆయన మరో చీటీ అందించాడు: 'వేలికి అలవాటు కావడానికి వారం పడుతుంది. డిస్కు ఒక మూడు గంటలు ఇవ్వండి.'

"మూడు గంటలా!"

"చెకింగ్ అయ్యుంటుందిలే, ఇచ్చెయ్" అన్నాడు తమ్ముడు.

ఇచ్చింది. కానీ కాలు ఒకచోట నిలవలేదు.

"ఒరేయ్, ఇవాళ మా ఎడిటింగ్ మాస్టారు చూస్తే ఎంత సంబరపడేవారో!"

"మొహం చూపించని మాస్టారేనా?"

"మొహమెందుకురా? నెట్‌లో పన్నెండు పాఠాలు విన్నాను. వెయ్యిమందిలో ఉన్నా ఆ గొంతు పట్టేస్తాను. పదమూడోది రంగుల పాఠం, రేపు చెప్తానన్నారు. మూడేళ్లయింది, ఆ రేపు రానే లేదు."

పెద్దాయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత కీబోర్డు దగ్గరికి లాక్కుని ఏదో టైపు చేయసాగాడు. ఎంతకీ ఆపడే!

మూడు గంటలూ దాటాయి.

"ఇంకా ఏంటండీ టైపింగు? నా పని మొదలుపెట్టుకోవాలి."

ఆయన రెండు వేళ్లు చూపించాడు. రెండు నిమిషాలు.

"రెండు సెకన్లు కూడా లేవు. లేవండి." ఆమె కీబోర్డు తన వైపు లాగేసుకుంది.

ఆయన వంగి ఒక మీట నొక్కి, డిస్కు తీసి ఆమెకిచ్చి, ముందే రాసి ఉంచిన చీటీ ఒకటి తమ్ముడి చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆమె డిస్కు తగిలించింది. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. సగం చదివి 'సరే' నొక్కింది.

డిస్కు ఖాళీ.

"తమ్ముడూ..." ఆమె డిస్కు పీకి మళ్లీ తగిలించింది. "రెండేళ్లురా..."

తమ్ముడు గబగబా చీటీ విప్పాడు. 'మ్యాక్ డిస్కును విండోస్ తనంతట తాను చదవలేదు. తుడిచెయ్యనా అని అడుగుతుంది. వద్దనండి. తొందరలో సరే అన్నా భయం లేదు, వేరే సాఫ్ట్‌వేర్‌తో ఈ కంప్యూటర్ రెండో డ్రైవులో కాపీ పెట్టాను.'

ఆ డ్రైవు తెరిచి చూస్తే ఒక్క ఫ్రేము కూడా పోలేదు. అక్కాతమ్ముళ్లు చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు.

"షాపుకు ఫోన్ కలిపివ్వరా! ఆ పెద్దాయన కాళ్లకు దండం పెట్టాలి!"

షాపతను చెప్పాడు: "ఆయనకు మా షాపులో ఇవాళే ఆఖరి రోజమ్మా. రేపు గొంతుకు రెండో ఆపరేషన్. మీ దగ్గర్నుంచే ఆసుపత్రికి వెళ్లిపోయారు. మూడేళ్ల కిందట మొదటిదానికే మాట పోయింది, పాపం."

ఆమె ఫోను పెట్టేసి తెర వైపు తిరిగింది. సినిమా పక్కనే తనకు తెలియని ఫైలు ఒకటి ఉంది. తెరిచింది.

'పదమూడో పాఠం: రంగులు. రేపు అన్నాను, ఆలస్యమైంది.'

మూడు పేజీలు నడిచిన ఆ పాఠం, ఆమె కీబోర్డు లాగేసుకున్న చోట, వాక్యం మధ్యలో ఆగిపోయి ఉంది.