టాంటీకి తెలియకుండా

“సూట్‌కేసు మంచం కిందికి తొయ్యి. వస్తోంది,” అంది జిసెల్ తెర సందులోంచి చూస్తూ.

ఆన్సెల్ ఒక్క తన్ను తన్నాడు. సూట్‌కేసు మంచం కిందికి దూరింది. ఈత బట్టలు పరుపు మీదే ఉండిపోయాయి. చేసేది లేక వాటి మీద కూర్చున్నాడు.

పక్కింటి యులాలీ టాంటీ తల కిటికీలో ప్రత్యక్షమైంది. ఆవిడ ఆన్సెల్‌కి మేనత్త; అక్కడ అత్తని టాంటీ అంటారు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. అందుకని ఆవిడకి తలుపు తట్టే అలవాటు లేదు.

“ఒరేయ్, ఈస్టర్ సెలవులకి ఎక్కడికైనా వెళ్తున్నారా?”

“ఎక్కడికీ లేదు టాంటీ.”

“టొబాగోకి?”

“పోయినేడు వెళ్లాంగా. మళ్లీ ఎందుకు?”

“అయితే అందరూ ఇంట్లోనే ఉంటారన్నమాట.”

“ఇంట్లోనే.”

“సోమవారం కూడానా?”

“సోమవారం కూడా టాంటీ.”

ఆవిడ అతని మొహంలోకి కాసేపు చూసి, తల ఊపి కదిలింది. ప్రహరీ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

“మీ ఆవిడ పుట్టింటికి కూడా వెళ్లట్లేదుగా?”

“లేదు టాంటీ,” అన్నారు మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే గొంతుతో.

ఆవిడ వెళ్లిపోయాక జిసెల్ ఊపిరి వదిలింది. “పోలీసుల్లో చేరాల్సిన మనిషి.”

“వాసన పట్టేసింది,” అన్నాడు ఆన్సెల్ నీరసంగా.

పోయినేడు జరిగింది తలుచుకుంటే అతనికి ఇప్పటికీ నడుం నొప్పి వస్తుంది. తామిద్దరికీ, పిల్లలిద్దరికీ సరిపోయేలా ఓడెక్కి వెళ్లే టొబాగో దీవిలో సముద్రం పక్కన ఓ చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. ఆ సంగతి టాంటీ చెవిన పడింది. ఆవిడ నోటి నుంచి చుట్టాలందరి చెవినా పడింది. టొబాగోలో ఇల్లు దొరికిందంటే ట్రినిడాడ్‌లో ఏ చుట్టాన్నీ ప్రత్యేకంగా పిలవక్కర్లేదు, తెలిస్తే చాలు. ఓడ దిగేసరికి ఇల్లు నిండిపోయింది. ఆన్సెల్ వారమంతా కారులో ముడుచుకుని పడుకున్నాడు. టాంటీ వంటగదిని ఆక్రమించింది. పొద్దున నూనెలో వేయించిన రొట్టెలు, మధ్యాహ్నం కోడిమాంసం, కందులు వేసి వండిన పెలావ్ అన్నం, రాత్రికి పీతల కూర. పొయ్యి దగ్గర్నుంచి కదిలింది లేదు, జిసెల్‌ని గరిటె ముట్టుకోనిచ్చింది లేదు. సాయంత్రమైతే పిల్లలిద్దరూ ఆవిడ వీపు మీదే.

“వారమంతా నా పిల్లల్ని నేను దూరం నుంచి చూశాను,” అంది జిసెల్. “ఈసారి మనం నలుగురమే. ఇంకొక్క మనిషి వచ్చినా సరే, మీవాళ్లతో నేనిక ఏ ఊరూ రాను.”

జిసెల్ అన్నంత పనీ చేస్తుందని ఆన్సెల్‌కి తెలుసు. అందుకే బాగా ఆలోచించి గుడ్ ఫ్రైడే నాటి ఓడకి టికెట్లు తీశాడు. ఆ రోజు సముద్రంలో దిగినవాళ్లు చేపలైపోతారని టాంటీ గట్టి నమ్మకం. సముద్రం వైపు కన్నెత్తి కూడా చూడదు. ఓ గుడ్ ఫ్రైడే నాడు టీవీలో సముద్రం కనిపిస్తే లేచి కట్టేసింది. ఇంతకన్నా మంచి రోజు ఏడాది మొత్తంలో లేదు.

పిల్లలకి చివరి దాకా చెప్పకూడదనుకున్నారు. కానీ కూతురు కెజయాకి ఏడేళ్లు, చెవులు చురుకు. బుధవారం నాడు ప్రహరీ దగ్గర నిలబడి, “టాంటీ, నాకు పసుపు రంగు ఈత బట్టలు కొన్నారు,” అనేసింది.

టాంటీ చేతిలో తడిబట్ట ఆగిపోయింది. “ఈతా? ఎక్కడమ్మా ఈత?”

“పెరట్లో,” అంది జిసెల్ పరుగెత్తుకొచ్చి. “ఎండలు కదా టాంటీ. పెద్ద టబ్బులో నీళ్లు పోస్తాం.”

“పెరట్లోనేగా? నిజమేనా?”

“ఒట్టు టాంటీ.”

టాంటీ మొహం తేటపడింది. అనుమానం తీరిపోయిందని జిసెల్ సంబరపడింది.

శుక్రవారం తెల్లవారుతుండగా బయల్దేరారు. పెలావ్ కుండ వదిలేద్దామన్నాడు ఆన్సెల్.

“కుండ లేకుండా టొబాగోకా? నలుగురూ నవ్వుతారు,” అంది జిసెల్.

“నలుగురికీ తెలియకుండానే కదా వెళ్తున్నాం.”

చివరికి మూత మోగకుండా కుండని దుప్పట్లో చుట్టి, పసిపిల్లాడిని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. ఆన్సెల్ కారు ఇంజను వెయ్యకుండా వీధి చివరిదాకా తోశాడు. టాంటీ కిటికీ మూసే ఉంది. రోజూ ఈపాటికి రేడియోలో ప్రార్థన గీతాలు మోగుతుంటాయి. ఇవాళ అవీ లేవు. దేవుడు మనవైపే ఉన్నాడనుకున్నాడు ఆన్సెల్.

ఓడ కదిలాక మాత్రం అతనికి మనసులో ఏదో గుచ్చుకుంది.

“పాపం, ఒంటరిగా ఉంటుంది. వచ్చేటప్పుడు టొబాగో నువ్వుండలు తీసుకెళ్దాం. ఆవిడకి ఇష్టం.”

“ఎక్కడివని అడిగితే?”

ఆన్సెల్ ఆ ఆలోచన మానుకున్నాడు. సముద్రం గాలి తగులుతోంది. పక్కన భార్య, ఒడిలో పిల్లాడు. ఇన్నేళ్లకి మొదటిసారి నిజంగా సెలవులాగా ఉంది. ఇంతలో టీ తాగే గదిలోంచి కెజయా కేక వినిపించింది.

“నాన్నా, టాంటీ ఇక్కడుంది.”

ఆన్సెల్ కాళ్లు చల్లబడ్డాయి. జిసెల్ అతనివైపు చూసిన చూపుకి మిగతావి కూడా చల్లబడ్డాయి. వెళ్లి చూస్తే నిజమే. ఓ మూలన, సముద్రానికి వీపు పెట్టి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పత్రిక మొహానికి అడ్డం పెట్టుకుని యులాలీ టాంటీ కూర్చుని ఉంది. పక్కన ఒకే ఒక్క చిన్న సంచి. కుండలేవీ లేవు.

ఎలా పసిగట్టింది? ఎవరు మోశారు? ఆన్సెల్ గొంతు సవరించుకున్నాడు. క్షమాపణ నోటి దాకా వచ్చింది.

టాంటీ మెల్లగా పత్రిక దించింది. అతన్ని, జిసెల్‌ని, పిల్లల్ని, దుప్పట్లో కుండని వరసగా చూసింది. దూరమైపోతున్న రేవు వైపు ఓసారి ఆశగా చూసింది. తర్వాత ఏడుపు గొంతుతో అడిగింది.

“నేను మీ నుంచి పారిపోతున్న సంగతి మీకెవరు చెప్పార్రా?”