నూకరత్నం నెత్తిమీద మెంతికూర

ఇలా దగ్గరికి జరగండి, నోళ్లు కాసేపు మూసుకోండి. బళ్లన్నిట్లో నేలమీద రబ్బరు పరిచేసి, తోటపని పీరియడును గోడమీద బొమ్మగా చూపిస్తున్న రోజులవి. మట్టి కనబడితే ఊడ్చే మిషను మింగేస్తుంది. బళ్లో నిజం మొక్క ఒక్కటైనా మొలవాలని మూడో తరగతి నూకరత్నం పంతం. గట్టుమీది మట్టి తెచ్చి నెత్తికి మెత్తుకుంది, మెంతులు చల్లుకుంది, బడి మధ్యలో బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"మట్టి మురికి పాపా, దులిపెయ్" అంది మిషను. పిల్లల్ని ముట్టుకునే హక్కు దానికి లేదు.

"నాను దులపను. మొలిచేదాకా లెగను. నువ్వెల్లు."

కడిగేద్దామని మిషను నీళ్లు చిలకరించింది. మెంతులకు కావలసిందీ అదే. సాయంత్రానికి నెత్తంతా పచ్చగా లేచింది. అది చూసి పిల్లలందరూ తలా ఇంత మట్టితో ఆమె పక్కన చేరారు.

గేటు దగ్గర నిలబడి చూస్తున్న బడి ఎదురింటి పైడమ్మ చరచరా లోపలికొచ్చింది. "ఓలి గుంటా, పొయ్యిమీద పప్పుడుకుతంది. ఓ గుప్పెడు గిల్లుకుంతాను, కదలకుండా కూకో."