ఈ పేజీ నీది

"ఎవరేసారే ఇది?"

హెడ్మాస్టరు వరహాలరావు పుస్తకాన్ని బల్లమీద పడేసి అడిగాడు. కనక అనే నాలుగో తరగతి పిల్ల బల్లకి ఇవతల నిలబడి కాలి బొటనవేలితో నేల గీరుతోంది. గుమ్మం బయట ఆమె తండ్రి మంగ్లు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. కబురు అందగానే పోడు పని వదిలేసి కొండ దిగి వచ్చాడు.

"నేనేనండి" అంది కనక.

"అడగడం దేనికిలే. ఇలాంటి పని ఇంకెవరు సేత్తారు?"

ఆ ఏడు బాలల సంవత్సరమని పట్నం నుంచి ఎవరో ఒక పెట్టెడు బొమ్మల పుస్తకాలు పంపారు. చింతపల్లి నుంచి జీపులో వచ్చిన ఆ పెట్టెను వరహాలరావు వచ్చింది వచ్చినట్టే బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆశ్రమ పాఠశాలకి కొత్తగా వచ్చిన టీచరు సత్యకుమారి రోజూ అడిగి అడిగి, చివరికి ఒక్క పుస్తకం బయటికి తీయించింది. పిల్లలకి తన సొంత రంగు పెన్సిళ్ళు కూడా ఇచ్చింది. ఆ పుస్తకమే ఇప్పుడు సత్యకుమారి ఎదుట బల్లమీద తెరిచి ఉంది, పేజీ నిండా పెన్సిలు రంగులతో.

"చూసారా టీచరుగారూ" అన్నాడు వరహాలరావు. "నేను ముందే చెప్పాను. అడ్డాకులతో విస్తళ్ళు కుట్టుకునే చేతులివి. వీళ్ళకి బొమ్మల పుస్తకాలేంటి, కళలేంటి? రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు ఇది చూస్తే నా మొహాన ఉమ్మేస్తారు."

"చిన్నపిల్ల మాస్టారూ."

"చిన్నప్పటినుంచే తెలియాలి ఏది ఎవరికి తగునో." అతను గుమ్మం వైపు తిరిగాడు. "ఒరే మంగ్లూ, నీ గుంటని తీసుకుపో. హాస్టల్లోంచి పేరు కొట్టేస్తన్నాను. మేకలు కాసుకోమను. బొమ్మలెయ్యాలనిపిస్తే బండలమీద ఏసుకుంటాది."

మంగ్లు బతిమాలలేదు. ఆఫీసు గదుల్లో బతిమాలడం ఎలాగో అతనికి తెలియదు. "దీని గుడ్డలు మూటగట్టమంటావా బాబూ?" అని మాత్రం అడిగాడు.

కనక కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఏడవలేదు.

సత్యకుమారి పుస్తకం తన వైపు తిప్పుకుంది. బొమ్మ కింద, పేజీ అడుగున ఏదో అచ్చయి ఉంది. వేలితో అక్షరాలమీద పడిన రంగు తుడిచి చూసింది.

"ఇది చదివారా మాస్టారూ?"

"బొమ్మల పుస్తకంలో చదవడానికేముంటుంది?"

ఆమె పైకి చదివింది. "ఈ పేజీ నీది. నీకు అందరికన్నా ఇష్టమైన మనిషి బొమ్మ ఇక్కడ వెయ్యి."

అచ్చుమీద వేలు పెట్టి చూపించింది.

"పేజీ ఖాళీగా వదిలింది పిల్లలు వేస్తారనే" అంది సత్యకుమారి. "ఈ పిల్ల చదువుకుని, చెప్పినట్టు చేసింది. ఇందులో తప్పేముందో చెప్పండి."

వరహాలరావు పుస్తకం లాక్కుని ఆ అచ్చుని తనే ఒకసారి చదువుకున్నాడు. నిజమే. కానీ ఓడిపోయి ఊరుకునే మనిషి కాదు. ఈసారి అతని మూతి ఇంకాస్త వంకర తిరిగింది.

"సరే, వెయ్యమన్నారు. మనిషిని వెయ్యమన్నారు. ఇది మనిషేనా? మొండెం ఒకటి, తలకాయలు రెండు. ఒక తల ఉండాల్సిన చోటే ఉంది. రెండోది వీపులోంచి పుట్టుకొచ్చింది. నెత్తిమీద ఈ నల్లటి దిబ్బరొట్టె ఏటో. చుట్టూరా పిల్లి రక్కినట్టు గీతలు." అతను పుస్తకం ఎత్తి మంగ్లుకి చూపించాడు. "చూసుకోరా. నీ కూతురు నిన్ను ఎంత ముద్దుగా ఏసిందో."

మంగ్లు గుమ్మంలోంచే వంగి, చాలాసేపు చూశాడు.

"నాను కాదు బాబూ."

"నువ్వు కాకపోతే ఇంకెవడు? ఇంత అనాకారి ఇంకెవడున్నాడు మీ ఊళ్ళో?"

"దానికి సెప్పులున్నాయి బాబూ" అన్నాడు మంగ్లు. "నాకు సెప్పుల్లేవు."

వరహాలరావు నవ్వాడు. "విన్నారా టీచరుగారూ. సొంత తండ్రి కూడా నాది కాదు పొమ్మంటన్నాడు. దెయ్యాన్ని ఏసింది. అందరికన్నా ఇష్టమైనది దెయ్యమట. ఇదీ వీళ్ళ కళ. నెత్తిన పెట్టుకుని ఊరేగండి."

సత్యకుమారి కనక పక్కన గొంతుకూర్చుంది. భుజంమీద చెయ్యి వేసింది.

"భయపడకమ్మా. ఈ గీతలేంటి?"

"వానండి."

"మరి రెండు తలలెందుకు వేశావు?"

"ఇద్దరండి" అంది కనక నెమ్మదిగా. "ఒకరు ఇంకొకర్ని మోస్తన్నారండి."

"ఎవరే ఆ మోసే మహానుభావుడు?" వరహాలరావు కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని అడిగాడు. "నెత్తిన దిబ్బరొట్టె పెట్టుకుని మరీ మోస్తన్నాడు. సెప్పు, అందరం ఇంటాం."

కనక మొదటిసారి తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"అది గొడుగండి. మొన్న వానల్లో నాకు జొరమొచ్చి, జీపు రాకపోతే, మీరు నన్ను ఈపునేసుకుని సింతపల్లి ఆస్పత్రి దాకా నడిసినారు గదండి."